కువైట్‌లో ఉన్నది నేనే

సెప్టెంబర్ 15, 2008, సోమవారం

ఈ డైరీ రాజరత్నం గారి పుణ్యం. ఆయన ప్రొబేషన్ ఆఫీసరు. ఈ నెలలోనే కొత్తగా వచ్చారు, నా సంగతి ఫైల్లో చదివినంతే తెలుసు. మొదటివారం సంతకానికి వెళ్లినప్పుడు, "కోపం వస్తే చెయ్యెత్తకమ్మా వీరవేణీ, కాగితం మీద పెట్టు. ఎవరికీ చూపించక్కర్లేదు, నాక్కూడా" అన్నారు. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన డైరీ గూట్లో ఖాళీగా పడుంటే తీశాను.

కోపం వస్తే రాయమన్నారు గానీ, ఈవేళ రాస్తున్నది భయంతో.

పొద్దున అరుగు మీద లేసు అల్లుకుంటున్నాను. రొయ్యల షెడ్డులో పని పోయాక నాకున్న ఆధారం అదే. అమ్మ పక్కనే కూర్చుని చేపలు బాగుచేస్తోంది. మోటార్‌సైకిల్ మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మొగల్తూరు స్టేషన్‌కి కొత్తవాడు, ఎప్పుడూ చూళ్లేదు. చేతిలో కాగితం చూసుకుంటూ, "వీరవేణి ఇల్లు ఇదేనా?" అన్నాడు.

నేనేనండి అనబోయాను. అతను ఆగలేదు. "రాజమండ్రిలో చినబాబని ఏజెంటు దొరికాడు. దొంగ పాస్‌పోర్టులు చేయించేవాడు. వాడు పంపినోళ్లందరి ఇళ్లకీ ఎంక్వయిరీ. మీ వీరవేణి జూలైలో కువైట్ వెళ్లినట్టుంది. అక్కడే ఉందా?"

"అక్కడే ఉందండి బాబూ" అంది అమ్మ, చేతిలో చేప దించకుండా.

"మరి ఈవిడెవరు?"

"మా చిన్నమ్మాయండి. హేమశ్రీ."

అతను రాసుకున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఎస్ఐ గారు పిలిస్తే స్టేషన్‌కి రావాలని చెప్పి వెళ్లిపోయాడు.

కువైట్‌లో ఉన్నది హేమ. నా చెల్లెలు. దానికి ఇరవై మూడేళ్లు. ముప్ఫై నిండని ఆడవాళ్లని ఇంటిపనికి పంపరని చినబాబు చెప్పాడు. అందుకని నా పేరు, నా పుట్టినరోజు, దాని ఫొటో. పెద్దదానిలా కనపడాలని స్టూడియోలో అమ్మ కళ్లజోడు పెట్టుకుంది, అమ్మ చీర కట్టింది. నవ్వు ఆపుకోలేక ఫొటోలు పాడుచేస్తుంటే నేనే గట్టిగా కసిరాను. మా వీధిలో ఇంటికొకరు అలాగే వెళ్లారు. బస్సులో పక్కవాళ్ల కోసం సీట్లో రుమాలు వేసినంత మామూలుగా ఉండేది మాకది.

పాస్‌పోర్టు వచ్చిన తరవాత, వీసా వచ్చేలోపు, నేను షెడ్డులో సూపర్‌వైజర్ నుదురు పగలగొట్టాను. చెయ్యి ఎక్కడ వెయ్యకూడదో అతనికి మాటల్తో చెప్పి చూశాను. చివరికి ఐసు ట్రేతో చెప్పాల్సి వచ్చింది. నరసాపురం కోర్టులో జడ్జి గారు, మొదటి తప్పు కదా అని జైలు వేయకుండా బాండు రాయించుకుని వదిలేశారు. ఏడాదిపాటు బుద్ధిగా ఉండాలి. ప్రతి నెలా మొదటి సోమవారం సంతకం పెట్టాలి. చెప్పకుండా జిల్లా దాటకూడదు. ఇంకో కేసు వస్తే పాత శిక్ష మీద పడుతుంది. పశ్చాత్తాపం ఉందా అని అడిగితే ఉందండి అన్నాను. నాకున్న పశ్చాత్తాపమల్లా ట్రేలో ఐసు లేకపోవడమే.

ఆ తరవాత నెలకే వీసా వచ్చింది. హేమ వెళ్లింది. అంటే కాగితాల లెక్కన కోర్టు జిల్లా దాటొద్దన్న వీరవేణి ఏకంగా దేశమే దాటేసింది.

సెప్టెంబర్ 16

అమ్మతో గొడవ.

"నేనేం తప్పు చెప్పానే? ఆడి కాగితంలో ఉన్నదే చెప్పాను."

"రేపు కోర్టువాళ్లు వచ్చి వీరవేణి ఏదంటే ఎవర్ని చూపిస్తావు?"

"నిన్నే చూపిస్తాను."

"పోలీసులకి హేమని, కోర్టుకి వీరవేణినా?"

"కోర్టు నరసాపురంలో ఉంది, స్టేషన్ ఇక్కడుంది. ఆళ్లూ ఆళ్లూ రోజూ కూర్చుని మాట్లాడుకుంటారా ఏంటి?" అంది. అమ్మ ధైర్యం ఎప్పుడూ ఇంతే. వరదొస్తే గుమ్మానికి చాప అడ్డం పెడుతుంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

హేమ ఫోన్ చేసింది. శుక్రవారం శుక్రవారం వాళ్ల మేడం పడుకున్నాక చేస్తుంది. వాళ్లకి రంజాన్ నెల, పని రాత్రంతా ఉంటోందట. గొంతు ముద్దగా ఉంది. జలుబు చేసిందట. దాని కూతురు హారతి స్కూల్లో నేర్చుకున్న పాట పాడి వినిపించింది. నాలుగేళ్ల పిల్ల, పాట సగంలో మర్చిపోయి మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంటుంది. హేమ ఎన్నిసార్లయినా వింటుంది.

పోలీసుల సంగతి చెప్పలేదు. దూరాన ఉన్నదాన్ని ఎందుకు కంగారుపెట్టాలి.

సెప్టెంబర్ 22, సోమవారం

చంద్రరావు బాబాయ్ ఇంటి దగ్గర వీధి అంతా పోగయ్యారు. బాబాయ్ అంటే నాన్నకి వరసకి తమ్ముడు, వీధిలో పెద్దరికం ఆయనది. కానిస్టేబుల్ మరో మూడిళ్లకి కూడా వెళ్లాడట. బాబాయ్ కూతురు దుబాయ్‌లో కోడలి పేరు మీద ఉంది. రత్తమ్మ గారి అమ్మాయి మస్కట్‌లో ఉంది, చచ్చిపోయిన పెద్దమ్మ కూతురి పేరు మీద. ఒక్క ముడి ఊడిందంటే లేసంతా ఊడినట్టే, ఆ మాట అల్లేదాన్ని నాకొకరు చెప్పక్కర్లేదు.

"అచ్చాయమ్మ వదిన ఆ పూట తెలివిగా మాట్లాడింది" అన్నాడు బాబాయ్. "ఇక అందరిదీ అదే మాట. వీరవేణి కువైట్‌లో ఉంది. ఇది హేమ. నోరు జారితే ఒక ఇంటికి కాదు, వీధంతటికీ చేటు. అలవాటు తప్పకుండా ఇవాళ్టినుంచే పిలవండి."

"నన్నడగరా బాబాయ్?" అన్నాను.

"నిన్నడిగేదేముందమ్మా హేమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఇంటికొచ్చాక ఒళ్లు మండింది.

సెప్టెంబర్ 24

కొళాయి దగ్గర రత్తమ్మ గారు "జరుగమ్మా హేమా" అన్నారు. జరిగాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

హేమ ఫోన్. మేడం దాన్ని వేణీ వేణీ అని కేకేస్తుందట. "నీ పేరుతో తిట్లన్నీ నేను తింటున్నానక్కా" అంది. నీ పేరుతో నేనిక్కడ నీళ్లు మోస్తున్నానని చెప్పాలనిపించింది. చెప్పలేదు. జలుబు ఇంకా తగ్గలేదు.

అక్టోబర్ 6, సోమవారం

ఈరోజు ఒకపూట వీరవేణిని, ఒకపూట హేమని.

పొద్దున నరసాపురం వెళ్లాను. బస్సులో మా వీధివాళ్లు ఎవరైనా హేమా అని పిలుస్తారేమో, పక్కన కోర్టు గుమాస్తా ఎవరైనా కూర్చుని ఉంటాడేమో అని ప్రయాణమంతా తల వంచుకునే ఉన్నాను. రాజరత్నం గారు ఎలా ఉన్నావమ్మా అన్నారు. బాగున్నానండి. కోపం? తగ్గిందండి. సంతకం పెట్టి బయటపడ్డాను.

ఇంటికి చేరేసరికి కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. స్టేషన్‌కి తీసుకెళ్లాడు. ఎస్ఐ గారు కుర్రాడే, కేకలెయ్యడు. పాస్‌పోర్టు జిరాక్సు నా ముందు పెట్టి, "ఇది మీ అక్కేనా?" అన్నారు.

అమ్మ కళ్లజోడులోంచి హేమ నన్ను చూస్తోంది. అప్పుడు నేను కసిరిన మొహమే, నవ్వు బిగబట్టుకుని.

"అవునండి. మా అక్కండి."

"మీ అక్క నీకన్నా చిన్నదానిలా ఉందే?"

"తను నీడపట్టున ఉందండి. నేను ఎండలో రొయ్యల పనికి వెళ్లేదాన్ని."

ఆయన తలూపారు. ఫరవాలేదు గట్టెక్కానని లేవబోతుంటే ఇంకో కాగితం తీశారు. "ఈ వీరవేణి మీద నరసాపురం కోర్టు బాండుంది. జిల్లా దాటకూడదు. ఆవిడ జూలైలో విమానం ఎక్కిందని పాస్‌పోర్టువాళ్లు అంటున్నారు. ఆగస్టులో సంతకం ఉంది, సెప్టెంబర్‌లో ఉంది, ఈవేళ పొద్దున కూడా ఉంది. ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ సంతకాలు ఎవరు పెడుతున్నారమ్మా?"

లేవబోయినదాన్ని మళ్లీ కూర్చున్నాను.

"ఆలోచించుకుని చెప్పు. అక్క తప్పించుకు పారిపోతే చెల్లెలు వేషం కట్టి కోర్టుని మోసం చేసిందంటే, అది ఇంకో కేసు" అన్నారు.

నా బదులు నేనే సంతకం పెట్టినందుకు నా మీద కేసు. ఈ మాట ఎవరికి చెప్పుకోను?

అక్టోబర్ 7

అన్నం సయించలేదు. హారతి నా కంచంలోది తినేసింది.

అక్టోబర్ 8

బాబాయ్ ఎస్ఐ గారితో మాట్లాడి వచ్చాడు. దారి దొరికిందట. నేను హేమనని, అక్క భయపెడితే చదువు తక్కువై సంతకాలు పెట్టానని, ఇక పెట్టనని రాసివ్వాలి. ఆడపిల్లవి, పసిపిల్ల తల్లివి, మందలించి వదిలేస్తారట. సంతకాలు ఆగిపోతే వీరవేణి పరారీలో ఉందని కోర్టు వారంటు వేస్తుంది. వేసుకోనీ. ఆవిడ కువైట్‌లో ఉంది.

"నీ మీదా కేసుండదు, వీధి మీదా మాట రాదు. అటు కువైట్‌లో ఉన్నదానికీ అడ్డం లేదు. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు. దసరా వెళ్లాక ఇరవయ్యో తారీకున స్టేషన్‌కి రావాలి. వీధివాళ్లు నలుగురు సాక్ష్యం పెడతారు. అమ్మ కూడా.

అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాకూ గుండె తేలికైన మాట నిజం. ఇంట్లో నా మంచం మీద నేను పడుకోవచ్చు. చాలు.

అక్టోబర్ 10, శుక్రవారం

హేమ ఫోన్. నిన్న దసరా కదా, ఏం వండుకున్నారని అడిగింది. గారెలు, పాయసం అన్నాను. తరవాత, "నేను రావాలంటే ఇంకా ఎన్నాళ్లుండాలక్కా?" అంది.

"రెండేళ్లకి కదే రాయించుకున్నారు. కళ్లు మూసి తెరిచేసరికి అయిపోతాయి."

"పాస్‌పోర్టు మేడం దగ్గరే ఉంది. ఇవ్వనంటోంది."

"పోకుండా దాచిందేమో."

"అవును" అంది. ఇంకా జలుబుగానే ఉంది. అక్కడి గాలి పడట్లేదని అమ్మ అంటుంది.

అక్టోబర్ 13, సోమవారం

అమ్మకి లేసు ఇచ్చి వస్తానని చెప్పి నరసాపురం వెళ్లాను. రాజరత్నం గారిని కలిశాను. ఒకామె ఉందనుకోండి అని మొదలుపెట్టాను. ఆయన చేతిలో కాగితాలు పక్కన పెట్టి విన్నారు. వింటున్నంతసేపూ నా మొహం వంక చూడలేదు, కిటికీలోంచి చూశారు. మంచి మనిషి.

"ఆ ఒకామె మీద వారంటు వేశారనుకోండి. ఆమె పాస్‌పోర్టుతో వేరే దేశంలో ఉన్నవాళ్లు తిరిగొస్తే ఏమవుతుందండి?"

"విమానం దిగగానే పట్టుకుంటారు. పాస్‌పోర్టులో ఉన్న పేరుని బట్టే కదమ్మా."

"అంటే రాకూడదన్నమాట."

"రాకూడదనే చెప్పాలి."

"పోనీ ఆ ఒకామె వెళ్లి, వీరవేణిని నేనే, కాగితాలు నేనే ఇచ్చాను అని చెబితే?"

"దొంగ పాస్‌పోర్టుకి సాయం చేసినందుకు కేసవుతుంది. బాండు పోతుంది, పాత శిక్ష పడుతుంది. అబద్ధం చెప్పలేను, జైలు తప్పకపోవచ్చు." కాస్త ఆగి అన్నారు, "జూన్‌లో కోర్టులో నిలబడ్డ మనిషిని నేను చూళ్లేదు. అప్పుడు నేనిక్కడ లేను. ఎవరైనా అడిగితే ఆ ఒకామె ఫలానా అని చెప్పే స్థితిలో నేను లేనమ్మా. అది ఆమే చెప్పుకోవాలి."

బస్సు దొరికేలోపు లేసు ఇచ్చిరావడం మర్చిపోయాను.

అక్టోబర్ 14

ఎప్పటికీ రాకూడదని ఎవరన్నారు? ఏళ్లు గడిస్తే వారంటు సంగతి ఎవరికి గుర్తుంటుంది. కోర్టుల్లో కాగితాలు ఎలుకలు తినడం మనం చూడలేదా. చినబాబు లాంటివాడు ఇంకొకడు పుట్టుకొస్తాడు, ఇంకో పేరు మీద రప్పిస్తాడు. ఈలోపు అదక్కడ కడుపునిండా తింటుంది. ఇక్కడికొచ్చి మాత్రం ఏం చేస్తుంది, షెడ్డులో రొయ్యల తలలు తీస్తుందా? తాగి కొట్టే మొగుణ్ణి వదిలించుకుని వెళ్లింది. అక్కడే సుఖం.

అమ్మ హారతికి నేర్పిస్తోంది, ఎస్ఐ గారొస్తే నన్ను అమ్మా అనాలని. పెద్దమ్మా అనకూడదని. పిల్ల మొదట ఒప్పుకోలేదు. సాయంత్రం జడ వేస్తుంటే తనంతట తనే "అమ్మా, నొప్పి" అంది.

పిల్లలు పుట్టలేదనే మా ఆయన నన్ను పుట్టింటికి పంపేశాడు. ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది. ఇది రాయకుండా ఉండాల్సింది.

అక్టోబర్ 17, శుక్రవారం

హేమకి అంతా చెప్పేశాను. చినబాబు దొరకడం, కానిస్టేబుల్, బాబాయ్ చెప్పిన దారి, వారంటు. భయపడకు, నీ గురించి ఎవరూ నోరు విప్పరు, వీధంతా ఒక్క మాట మీద ఉన్నాం అన్నాను. అది అక్కా చెప్పొద్దు, నన్ను కాపాడండి అని ఏడుస్తుందనుకున్నాను. ఎలా ఓదార్చాలో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను.

అది మెల్లగా అడిగింది.

"చెప్పేస్తే నన్ను ఇంటికి పంపేస్తారా అక్కా?"

లైన్ కట్ అయిపోయింది.

అక్టోబర్ 18, శనివారం

లైన్ కట్ అవలేదు. నేనే నొక్కేశాను.

ఈ డైరీ ఎవరికీ చూపించక్కర్లేదన్నారు. మరి ఎవర్ని మోసం చేద్దామని అలా రాశాను?

జలుబట. మేమిద్దరం దాని పెళ్లయ్యేదాకా ఒక చాప మీద పడుకున్నాం. దానికి జలుబు చేస్తే గొంతెలా ఉంటుందో, ఏడ్చి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదా? మొదటి శుక్రవారం నుంచీ తెలుసు. ఆగస్టులో ఒకసారి, "ఇస్త్రీపెట్టె కాలిందక్కా" అంది. ఎక్కడే అంటే, వీపు మీద అంది. చూసుకుని చెయ్యొద్దూ అని నేనే తిట్టాను. ఇస్త్రీ చేసే మనిషికి వీపు మీద ఎలా కాలుతుందని అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. అన్నం పెడుతున్నారా అంటే, వాళ్లు తిన్నాక పెడతారు అంది. ఆ తరవాత వారం, మిగిలితే పెడతారు అంది. నేను హారతిని పిలిచి ఫోన్ చేతిలో పెట్టాను, పాట పాడవే అని.

అమ్మకి కూడా తెలుసు. నేను అడగబోయినప్పుడల్లా గిన్నెలు గట్టిగా కడుగుతుంది.

నేను నా మీద సూపర్‌వైజర్ చెయ్యి వేస్తే ట్రే ఎత్తిన మనిషిని. దాని మీద చెయ్యి ఎత్తుతుంటే మాత్రం గాలి పడలేదనుకున్నాను.

అక్టోబర్ 20, సోమవారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే నమ్మబుద్ధి కాదు.

స్టేషన్‌లో బల్ల చుట్టూ బాబాయ్, రత్తమ్మ గారు, ఇంకో ఇద్దరు, అమ్మ. ఎస్ఐ గారు ఒక్కొక్కరినీ అడిగారు. ఈవిడెవరు? హేమశ్రీ అండి. చిన్నప్పటినుంచీ తెలుసా? మా చేతుల్లో పెరిగిందండి. రత్తమ్మ గారు హేమ పుట్టినప్పుడు కురిసిన వాన సంగతి కూడా చెప్పారు. అమ్మని అడిగారు.

"మా చిన్నమ్మాయండి" అంది అమ్మ. ఈసారీ తడబడలేదు. నన్ను చూస్తూనే అంది.

రైటరు కాగితం చదివాడు. "హేమశ్రీ అను నేను" అని మొదలైంది. నా ముందుకి జరిపి పెన్ను ఇచ్చాడు.

"నేను వీరవేణినండి" అన్నాను. "కువైట్‌లో ఉన్నది హేమశ్రీ. కాగితాలు నేనే ఇచ్చాను. తెలిసే ఇచ్చాను."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "దానికి మతి సరిగ్గా లేదండి, నాలుగు రోజులనుంచి తిండి లేదు."

"కోపం ఎక్కువండి దానికి. ఉక్రోషంలో ఏదో ఒకటి అనేస్తది" అంది అమ్మ.

ఎస్ఐ గారు పెన్ను మూసి నా వంక చూశారు. "ఇంతమంది హేమ అంటున్నారు. కన్నతల్లి హేమ అంటోంది. వీరవేణినని నువ్వొక్కదానివే అంటున్నావు. నిన్నెలా నమ్మమంటావు?"

ఆ క్షణంలో నిజంగానే భయం వేసింది. ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి లేడు. నా రేషన్ కార్డూ, ఓటు కార్డూ పాస్‌పోర్టు కోసం చినబాబు తీసుకెళ్లినవి మళ్లీ ఇవ్వలేదు. వెతుక్కోగా వెతుక్కోగా ఒక్కడు తట్టాడు.

"షెడ్డు సూపర్‌వైజర్ గారిని పిలిపించండి. ఆయన నన్ను మర్చిపోడు" అన్నాను.

కానిస్టేబుల్ వెళ్లి తీసుకొచ్చాడు. నుదుటి మీద మచ్చ అలాగే ఉంది. గుమ్మంలోంచే నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"ఈవిడెవరో తెలుసా?"

"తెలియకపోడమేంటండి. ఇదే వీరవేణి. నన్ను కొట్టింది ఇదే. హేమా కాదు, గీమా కాదు, ఎక్కడైనా సంతకం పెడతాను. మళ్లీ ఏం చేసిందండి?"

నా పేరు అంత సంతోషంగా పలికినవాళ్లు నా జన్మలో లేరు. ఆ దుర్మార్గుడికి దణ్ణం పెట్టాను, వాడు కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

రైటరు కొత్త కాగితం తీశాడు. నేను చెప్పాను, అతను రాశాడు. వీధి సంగతి అడిగారు, ఇంకెవరెవరు ఇలా వెళ్లారని. నా ఇంటి సంగతే నాకు తెలుసండి అన్నాను. అది అబద్ధమని ఆయనకీ తెలుసు. రాసుకోమన్నారు. మా చెల్లెలు అక్కడ దెబ్బలు తింటోంది, దాన్ని రప్పించాలి, ఆ మాట కూడా అందులో రాయండి అన్నాను. అదీ రాశారు.

అక్టోబర్ 21

అమ్మ నాతో మాట్లాడలేదు. నా కంచంలో అన్నం పెట్టి వెళ్లిపోయింది.

అక్టోబర్ 23

కొళాయి దగ్గర ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు.

బాబాయ్ ఒక్కడే వీధిలో ఎదురుపడి, "మా పిల్లని కూడా వెనక్కి పంపేస్తారు. నీ కడుపు చల్లబడిందా?" అన్నాడు. మీ పిల్ల బాగానే ఉందా బాబాయ్, ఎప్పుడైనా అడిగావా అన్నాను. తల దించుకుని వెళ్లిపోయాడు. పెద్దాయన నడక చూస్తే జాలేసింది.

అక్టోబర్ 24, శుక్రవారం

హేమకి నేనే చేశాను. పోయినవారం ఫోన్ నేనే పెట్టేశానని చెప్పాను. తెలుసక్కా అంది. స్టేషన్‌లో నిజం చెప్పేశానని, మూడో తారీకు సోమవారం కోర్టుకి రమ్మన్నారని చెప్పాను. ఎంబసీ అని మన ఆఫీసు ఉంటుంది, ఎలాగైనా అక్కడికి చేరు, నీ అసలు పేరు చెప్పు, ఇక్కణ్ణుంచి రిపోర్టు వస్తుందని రాజరత్నం గారు చెప్పమన్నారు అన్నాను. ఈ ఇంటి గేటు తాళం ఎప్పుడు తీస్తారో నేను చూశాను అంది. అదెప్పటినుంచి చూస్తోందో నేనడగలేదు. ఈసారి అడగనిది భయంతో కాదు, టైం లేక.

అక్టోబర్ 28

దీపావళి. హారతి చేత కాకరపువ్వొత్తులు కాల్పించాను. ఫోన్ రాలేదు. అమ్మ మూడుసార్లు ఫోన్ ఎత్తి చూసింది, ఛార్జింగ్ ఉందా అని.

అక్టోబర్ 31, శుక్రవారం

హేమ ఎంబసీలో ఉంది.

చెత్త పారేయడానికి గేటు దాటి, చెత్తబుట్ట అక్కడే వదిలేసి టాక్సీ ఎక్కేసిందట. మనలాంటి ఆడవాళ్లని ఉంచే చోటొకటి ఉందట అక్కడ, చాలామంది ఉన్నారట, సగం మంది గోదావరి వాళ్లేనట. డాక్టరు వీపు చూసి మందు రాశాడట. ఫోన్ అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ "తిన్నావా, తిన్నావా" అని అదే అడిగి ఫోన్ నాకిచ్చేసింది. తరవాత వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే జరగలేదు.

"పేరేంటని అడిగారక్కా" అంది హేమ. "అలవాటుకొద్దీ వీరవేణి అనేశాను. రాసుకున్నాక, కాదండి, హేమశ్రీ అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేసి నా వంక చూశాడు. ఏడుపొచ్చేసింది."

రిపోర్టు అందింది. కాగితాలు అవగానే పంపించేస్తారట. వచ్చే నెలలోనే. హారతిని నేనే నిద్రలేపి ఫోన్ దగ్గరికి తెచ్చాను. "పెద్దమ్మ లేపేసిందమ్మా" అని ఫిర్యాదు చేసింది. ఆ పిలుపు ఈ చెవితో విన్నాను. గుండెల్లో కలుక్కుమంది, అది కూడా రాస్తున్నాను.

చివర్న హేమ అడిగింది, "సోమవారం కోర్టు కదా. నిన్ను లోపల పెడతారా అక్కా?"

"పెట్టొచ్చు. రాజరత్నం గారు మంచి మాటే రాశారు. అయినా తప్పకపోవచ్చన్నారు."

"నేను వచ్చేసరికి నువ్వుండవా?"

"ఉండకపోవచ్చు."

అటువైపు ఏడుస్తోంది. ఇది ఏడుపే.

"ఊరుకోవే" అన్నాను. "జైల్లో ఏ రోజు వదిలేస్తారో ముందే కాగితం మీద రాసి చేతికిస్తారు. నీకక్కడ ఆ మాట చెప్పినవాళ్లు కూడా లేరు కదే."